డిమెన్షియా ముదిరి కొడుతున్న మనిషికి సరైన చోటు వెతకడం ఎలా

అమ్మ మణికట్టు మీద నాలుగు వేళ్ల అచ్చు నీలంగా కమిలి ఉంది. ఏమైందని అడిగితే తలుపు తగిలిందని చెప్పి చెయ్యి వెనక్కి పెట్టుకుంది. తలుపు తగిలితే అలా కమలదని మా ఇద్దరికీ తెలుసు. అప్పటికి నాన్నకు డిమెన్షియా వచ్చి ఏడేళ్లు. నోట్లోంచి నాలుగైదు మాటలకు మించి రావడం లేదు, మమ్మల్ని గుర్తుపట్టడం లేదు, చేతుల్లో బలం మాత్రం అలాగే ఉంది. అన్నేళ్ల కాపురంలో ఒక్కసారి కూడా గొంతు పెంచని మనిషి ఇప్పుడు కొడుతున్నారని అమ్మ ఎవరితో చెప్పుకుంటుంది? మాతోనే చెప్పలేదు.

మేమూ అదే తప్పు చేశాం. ఒక కేర్ హోమ్‌లో చేర్పించేటప్పుడు, ఫారంలో ప్రవర్తన అన్న గడిలో 'అప్పుడప్పుడు చిరాకు పడతారు' అని రాశాం. నిజం రాస్తే చేర్చుకోరేమోనని భయం. మూడో రాత్రి ఒంటిగంట దాటాక ఫోన్ వచ్చింది. 'మా దగ్గర పనిచేసే అమ్మాయి వేలు కొరికేశారు, వచ్చి తీసుకెళ్లండి.' ఆ హోమ్ వాళ్లను నేను తప్పుపట్టను. ముందే చెప్పి ఉంటే ఆ అమ్మాయి ఆయన నోటి దగ్గర చెయ్యి అలా పెట్టేదే కాదు. ఆ వేలికి కట్టిన కట్టు ఇప్పటికీ నా కళ్ల ముందు ఉంటుంది.

తర్వాత ఎనిమిది నెలలు తిరిగితే గానీ సరైన చోటు దొరకలేదు. ఏ పని ముందు చేసి, ఏది తర్వాత చేస్తే మీకు అన్ని నెలలు పట్టవో, ఆ వరసలో రాస్తున్నాను.

ముందు ఈ రాత్రి సంగతి

హోమ్ వెతకడానికి వారాలు పడుతుంది. ఈలోపు ఇంట్లో ఎవరికీ దెబ్బ తగలకూడదు. కత్తులు, కత్తెరలు, బరువైన చేతికర్ర, గాజు సామాను కంటికి కనపడకుండా తీసేయండి. తుపాకీ ఉంటే ఇంట్లోనే ఉంచవద్దు. మందులు తాళం వేసిన పెట్టెలో పెట్టండి. బాత్రూమ్ లోపలి గడియ తీసేయించండి. చూసుకునే మనిషి వెళ్లి తలుపేసుకోవడానికి ఒక గది ఉండాలి, ఆ గదిలో ఎప్పుడూ ఛార్జింగ్ ఉన్న ఫోన్ ఉండాలి. పిల్లలుంటే వాళ్లను ఆయనతో ఒంటరిగా వదలకండి.

చెయ్యి ఎత్తినప్పుడు వాదించకండి, పట్టుకోకండి. పట్టుకుంటే ఆయనకు అది దాడిలాగే అనిపిస్తుంది. రెండడుగులు వెనక్కి వేసి, కాస్త పక్కకు తిరిగి నిలబడి, గొంతు తగ్గించండి. మీకూ తలుపుకూ మధ్య ఆయన ఉండకుండా చూసుకోండి. ఆయనకు ప్రమాదం లేకపోతే గదిలోంచి బయటికి రండి. పది నిమిషాల తర్వాత లోపలికి వెళ్తే చాలాసార్లు వేరే మనిషి కనిపిస్తారు.

అయినా ఆగకపోతే అత్యవసర నంబరుకు ఫోన్ చేయడానికి సిగ్గుపడకండి. ఫోన్‌లో మొదటి వాక్యమే ఇది కావాలి: 'మా నాన్నకు డిమెన్షియా ఉంది, ఏం చేస్తున్నారో ఆయనకు తెలియదు.' ఈ మాట విన్నాక వచ్చేవాళ్లు వచ్చే తీరే మారిపోతుంది. వెతకడం మొదలుపెట్టిన రోజే పక్కింటివాళ్లలో ఒకరికైనా విషయం చెప్పి ఉంచండి.

హోమ్ కంటే ముందు డాక్టర్

చాలామంది ఈ అడుగు దాటేస్తారు. డిమెన్షియా అన్నాక కోపం వస్తుంది, అది జబ్బులో భాగమేనని సరిపెట్టుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. కానీ మాట పోయిన మనిషికి మిగిలిన భాష చేతులే. నొప్పి ఉందని చెప్పలేరు, భయమేస్తోందని చెప్పలేరు, చెయ్యి విసురుతారు.

గంటల్లోనో రెండు మూడు రోజుల్లోనో ప్రవర్తన ఒక్కసారిగా మారిందంటే దాన్ని డిమెన్షియా ఖాతాలో వేయకండి. అది డెలీరియం కావచ్చు. ఒంట్లో వేరే జబ్బు వల్ల మెదడు తాత్కాలికంగా గందరగోళంలో పడటం అది, దానికి వెంటనే చికిత్స కావాలి. మలబద్ధకం, మూత్రం బయటికి రాక నిలిచిపోవడం, న్యుమోనియా, ఒంట్లో నీరు తగ్గడం, షుగర్ పడిపోవడం, పడిపోయినప్పుడు తలలో రక్తం గడ్డకట్టడం, కొత్తగా మొదలుపెట్టిన మాత్ర, వీటిలో ఏదైనా కారణం కావచ్చు. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ కూడా కావచ్చు, అయితే ఒక చిన్న మాట: వయసు మళ్లినవాళ్లలో ఏ ఇన్‌ఫెక్షనూ లేకుండానే మూత్రంలో సూక్ష్మజీవులు కనిపించడం మామూలే. ఆ ఒక్క రిపోర్టు చూసి యాంటీబయాటిక్ రాసి పంపించేస్తే, మిగతావి కూడా చూశారా అని అడగండి.

నొప్పి సంగతి విడిగా చెప్పాలి. నార్వేలో 18 నర్సింగ్ హోమ్‌లలో, మధ్యస్థంగానో తీవ్రంగానో డిమెన్షియా ఉండి ఇలాంటి ప్రవర్తన ఉన్న 352 మంది మీద జరిగిన ఒక పరిశోధన 2011లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. సగం మందికి ఎనిమిది వారాలపాటు ఒక పద్ధతి ప్రకారం నొప్పి మందులు ఇచ్చారు. ఎక్కువమందికి సరిపోయింది మామూలు పారాసిటమాలే. వాళ్లలో అలజడి, దూకుడు స్పష్టంగా తగ్గాయి. అది చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

ఎందుకంటే మా నాన్న ముఖం తుడిచేటప్పుడే కొట్టేవారు, అదీ కుడి చెంప మీద తువ్వాలు పెట్టినప్పుడే. నాలుగు నెలలపాటు దాన్ని మొండితనం అనుకున్నాం. చివరికి ఒక డెంటిస్టు ఇంటికి వచ్చి టార్చి వేసి చూస్తే కుడివైపు వెనక దవడపన్ను సగానికి విరిగి ఉంది, చిగురు వాచి ఉంది. పన్ను తీసిన వారానికి కొట్టడం పూర్తిగా ఆగలేదు గానీ, పొద్దున పూట యుద్ధం ఆగింది.

కాబట్టి డాక్టర్‌ను ఇలా అడగండి: పళ్లు చూశారా? కీళ్లు? కాలి గోళ్లు? వీపు మీద, పిరుదుల మీద పుండ్లు? చెవిలో గుమిలి? కళ్లజోడు సరిపోతోందా? మాట్లాడలేనివాళ్ల నొప్పిని కొలవడానికి పెయినాడ్ అనే చిన్న కొలత ఉంది. ఊపిరి, మూలుగు, ముఖంలో మార్పు, ఒంటి బిగువు, ఓదారిస్తే ఊరుకుంటారా లేదా అనే ఐదు విషయాలకు ఒక్కోదానికి సున్నా నుంచి రెండు వరకు మార్కులు వేస్తారు, మొత్తం పది. నేర్చుకోవడానికి ఎక్కువసేపు పట్టదు, ఇంట్లోనే వేయవచ్చు. వాడుతున్న మందులన్నీ ఒక సంచిలో వేసి తీసుకెళ్లండి. కొన్ని అలర్జీ మాత్రలు, నిద్రకోసం షాపులో కొనే మాత్రలు, మూత్రం ఆపుకోలేనివాళ్లకిచ్చే కొన్ని మందులు అయోమయాన్ని పెంచుతాయి.

ఇంకొకటి తప్పనిసరిగా అడిగి రాసుకోండి: ఇది ఏ రకం డిమెన్షియా? అల్జీమర్స్, రక్తనాళాల వల్ల వచ్చేది, మెదడు ముందు భాగం దెబ్బతిని వచ్చేది, మెదడులో లూయీ బాడీలనే ప్రోటీన్ ముద్దలు చేరి వచ్చే లూయీ బాడీ రకం, ఇవన్నీ ఒకేలా ఉండవు. లూయీ బాడీ రకమైతే, అలజడి తగ్గడానికి ఇచ్చే హాలోపెరిడాల్ లాంటి మందులు ఒళ్లు బిగుసుకుపోయేలా చేసి ప్రాణం మీదికి తేవచ్చు. అర్ధరాత్రి ఎమర్జెన్సీలో కొత్త డాక్టర్‌కు అది తెలియదు. ఫైలు అట్ట మీద ఎర్ర ఇంకుతో పెద్దగా రాసి పెట్టండి.

నోట్‌బుక్

నేను ఒక్క పనే చెప్పాలంటే ఇదే చెబుతాను. ఒక నోట్‌బుక్ కొని, కనీసం రెండు వారాలు రాయండి. 'ఇవాళ చాలా గొడవ చేశారు' అని రాస్తే ఎవరికీ పనికిరాదు. ఎన్నింటికి, అంతకు ముందు ఏం జరుగుతోంది, గదిలో ఎవరున్నారు, ఆయన సరిగ్గా ఏం చేశారు, మీరేం చేశారు, ఎంతసేపటికి తగ్గింది, ఇవన్నీ ఉండాలి. మా పుస్తకంలో ఒక రోజు ఇలా ఉంది:

'ఉదయం 7.10. స్నానానికి లేపాను. వెనక నిల్చుని చొక్కా విప్పబోయాను. మోచేత్తో కొట్టారు, ఛాతీకి తగిలింది. వదిలేశాను. 7.40కి ఎదురుగా కూర్చుని, చొక్కా గుండీ మీద ఆయన చెయ్యే పెట్టాను. తనే రెండు గుండీలు తీశారు. చొక్కా తీయనిచ్చారు.'

'సాయంత్రం 5.35. బయటి తలుపు దగ్గర నిలబడ్డారు. అమ్మ చెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది. మణికట్టు మెలిపెట్టారు. 25 నిమిషాలు తగ్గలేదు.'

పది రోజులు దాటాక పేజీలు పక్కపక్కన పెట్టి చూస్తే ఒక్క సంగతి అర్థమైంది. ఆయన ఊరికే ఎవరి మీదికీ వెళ్లడం లేదు. బట్టలు విప్పినప్పుడు, డైపర్ మార్చినప్పుడు, ముఖం ముట్టుకున్నప్పుడు, తలుపు దగ్గర ఆపినప్పుడు, అంతే. మిగతా రోజంతా నెమ్మదిగానే ఉన్నారు. మనకు కొట్టే మనిషిగా కనిపించేవాళ్లలో చాలామంది నిజానికి తమను తాము కాపాడుకుంటున్నవాళ్లు. ఎవరో ముక్కూముఖం తెలియనివాళ్లు వచ్చి మన బట్టలు విప్పుతుంటే మనమేం చేస్తాం?

ఆ సాయంత్రం ఐదున్నర కూడా అంతే. నాన్న ముప్పై ఏళ్లు బ్యాంకులో క్యాషియర్. ఐదున్నరకు క్యాష్ లెక్క తేల్చి, తాళం వేసి బయటపడాలి. మేం ఆపుతున్నది ఇంటికి వెళ్లాల్సిన మనిషిని. అమ్మ ఒక పాత తాళాల గుత్తి ఆయన చేతిలో పెట్టి, అల్మరా దగ్గరికి తీసుకెళ్లింది. తాళం వేశారు, ఒకసారి లాగి చూశారు, గుత్తి జేబులో వేసుకుని కుర్చీలో కూర్చున్నారు. ప్రతి సాయంత్రం పని చేసిందని చెప్పను. చాలా సాయంత్రాలు చేసింది.

స్నానం దగ్గరే గొడవ ఎక్కువైతే బాత్రూమే అక్కర్లేదు. మంచం మీదే, ఒళ్లంతా కప్పి, వెచ్చటి తడి తువ్వాళ్లతో ఒక్కో భాగమే తుడవవచ్చు. అమెరికాలో నర్సింగ్ హోమ్‌లలో చేసి 2004లో ప్రచురించిన పరిశోధనలో, ఇలా తువ్వాళ్ల స్నానానికి మారినా, మామూలు స్నానాన్నే ఆ మనిషి ఇష్టాన్నిబట్టి చేయించినా, దాడులు సగానికి పైగా తగ్గాయి. శుభ్రతలో ఏ లోటూ రాలేదు.

ఆ పుస్తకంలోనే చివర రెండు పేజీలు ఆయన గురించి రాయండి. ఏ పేరుతో పిలిస్తే తల తిప్పుతారు, ఏ చెవి వినపడుతుంది, ఏ చేతివాటం, ఏ పని చేశారు, ఏ పాట వింటే కాలు ఆడిస్తారు, దేనికి భయపడతారు. వీటిని చదివే మనిషి ఆయనను ఎప్పుడూ చూసి ఉండరు. ఆ సంగతి గుర్తుపెట్టుకుని రాయండి.

మందుల గురించి అడగాల్సినవి

పై పనులన్నీ చేసినా ప్రమాదం తగ్గకపోతే మందులు కావాల్సి రావచ్చు. అందులో తప్పు లేదు. కానీ తెలిసి ఒప్పుకోండి. రిస్పెరిడోన్, ఒలాంజపైన్ లాంటి యాంటీసైకోటిక్ మందులు, అంటే తీవ్రమైన మానసిక జబ్బులకు వాడేవి, డిమెన్షియా ఉన్న పెద్దవాళ్లలో మరణాల ముప్పు పెంచుతాయని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2005లో అత్యంత తీవ్రమైన హెచ్చరిక జారీ చేసింది. 2008లో హాలోపెరిడాల్ లాంటి పాత మందులకూ దాన్ని వర్తింపజేసింది. అల్జీమర్స్‌లో వచ్చే అలజడికే ప్రత్యేకంగా బ్రెక్స్‌పిప్రజోల్ అనే మందుకు 2023లో అనుమతి ఇచ్చినా, ఆ హెచ్చరిక దాని మీదా ఉంది. బ్రిటన్‌లో 2009లో ప్రభుత్వం కోసం తయారైన నివేదిక, డిమెన్షియా ఉన్న దాదాపు 1,80,000 మంది ఈ రకం మందుల మీద ఉన్నారనీ, వీటివల్ల ఏడాదికి సుమారు 1,800 మరణాలు అదనంగా జరుగుతున్నాయనీ లెక్కగట్టింది.

కాబట్టి రాయించుకునేటప్పుడే మూడు ప్రశ్నలు వేయండి. ఏ ప్రవర్తన తగ్గాలని ఇస్తున్నారు? తగ్గిందో లేదో ఎప్పుడు చూస్తారు? ఎప్పుడు ఆపుతారు? బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు తయారుచేసే నైస్ సంస్థ కనీసం ఆరు వారాలకోసారి సమీక్షించమంటుంది. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2016 మార్గదర్శకం ప్రకారం, సరిపడా మోతాదులో నాలుగు వారాలు వాడినా గుణం లేకపోతే తగ్గిస్తూ మానేయాలి, గుణం కనిపించినా నాలుగు నెలల్లోపు తగ్గించి చూడాలి. మీ నోట్‌బుక్ ఇక్కడా అక్కరకొస్తుంది. 'పరవాలేదండీ, కొంచెం నయం' అనే బదులు 'వారానికి పదకొండుసార్లు ఉండేది నాలుగుసార్లకు వచ్చింది' అని చెప్పగలుగుతారు. డయజిపామ్, లోరాజిపామ్ లాంటి మత్తు మందులతో జాగ్రత్త. పడిపోవడం ఎక్కువవుతుంది, కొందరిలో అలజడి ఇంకా పెరుగుతుంది. ఏ మందైనా మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపకండి.

ఎలాంటి చోటు కావాలి

మామూలు వృద్ధాశ్రమం ఈ దశకు సరిపోదు. అక్కడ ఉండేవాళ్లు తమ పని తాము చేసుకోగలవాళ్లు, సిబ్బంది కూడా ఆ లెక్కలోనే ఉంటారు. వెతకాల్సింది డిమెన్షియా వాళ్లకోసమే విడిగా ఉన్న విభాగం, రాత్రిపూట కూడా నర్సు ఉండేది. ఇంట్లోనే మనిషిని పెట్టుకోవాలనుకుంటే ఒక్కరితో కుదరదు. ఇరవై నాలుగు గంటలు ఒకే మనిషి చూసుకుంటే పది రోజులకే వెళ్లిపోతారు, తప్పు వాళ్లది కాదు. ఇద్దరు వంతులవారీగా ఉండాలి, స్నానం వేళకు ఇద్దరూ ఉండాలి.

ప్రవర్తన అదుపు తప్పిపోయి ఏ హోమూ తీసుకోని స్థితి ఉంటే, ముందు ఆసుపత్రిలో వృద్ధుల మానసిక వైద్య విభాగంలో కొన్ని వారాలు ఉంచి, కారణాలు వెతికించి, మందులు సర్దించి, ఆ తర్వాత హోమ్‌కు పంపే దారి ఒకటుంది. మాకు చివరికి పనిచేసింది అదే. దాన్ని శిక్షగా అనుకోకండి.

ఒకవేళ ఇప్పటికే ఆసుపత్రిలో ఉండి, డిశ్చార్జి చేస్తామంటున్నారా? ఒప్పుకునేముందు ఆలోచించండి. ఇంట్లో దెబ్బలు తగులుతున్నాయని తెలిసీ మొహమాటానికి తల ఊపితే, ఆ రాత్రే మళ్లీ మొదటికొస్తారు. 'ఇంట్లో ఆయనకూ భద్రత లేదు, మాకూ లేదు. ఎక్కడికి పంపాలో తేలేవరకు తీసుకెళ్లలేం' అని చెప్పండి, కాగితం మీద రాసి ఇవ్వండి. సోషల్ వర్కర్ ఉంటే వాళ్లను కలిసే దాకా కదలకండి.

పాలియేటివ్ కేర్, అంటే జబ్బు నయం కాకపోయినా బాధ తగ్గించే వైద్యం చేసేవాళ్లను కూడా ఇప్పుడే అడగండి. అది ఆఖరి రెండు రోజులకు మాత్రమే కాదు. మాటలు ఐదారుకు పడిపోయి, నడక, మింగడం తగ్గుతున్న దశలో నొప్పి, ఊపిరి, పుండ్లు చూసుకోవడం వాళ్లకు బాగా తెలుసు. తినడం తగ్గినప్పుడు కడుపులోకి గొట్టం వేద్దామా అన్న మాట ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. ముదిరిన డిమెన్షియాలో దానివల్ల ఆయుష్షు పెరిగినట్టు రుజువు లేదు, అమెరికా వృద్ధుల వైద్య సంఘం వద్దనే చెబుతుంది, చేత్తో నెమ్మదిగా తినిపించడమే మంచిదంటుంది. ఈ మాట ఇంటిల్లిపాదీ కూర్చుని ముందే మాట్లాడుకోండి.

ఫోన్ చేసినప్పుడు

మొదటి నిమిషంలోనే నిజం చెప్పండి. నేను చివరికి ఇలా మొదలుపెట్టడం నేర్చుకున్నాను: 'మా నాన్నకు డిమెన్షియా ముదిరింది. బట్టలు మార్చేటప్పుడు కొడతారు, ఒకసారి కొరికారు. ఎప్పుడు కొడతారో, ఎలా చేస్తే కొట్టరో రాసి పెట్టాం. చూస్తారా?' సగం మంది అక్కడే కాదంటారు. అననివ్వండి. మూడో రాత్రి తెలిసేదాని కంటే ఫోన్‌లో తెలియడం నయం.

మిగతావాళ్లలో కూడా ఎవరు మంచివాళ్లో వాళ్ల తర్వాతి మాటే చెబుతుంది. 'ఏం ఫరవాలేదు, తీసుకొచ్చేయండి, ఇలాంటివాళ్లు మా దగ్గర చాలామంది ఉన్నారు' అన్నవాళ్లను వదిలేయండి. 'మందు వేస్తాం, పడుకుంటారు' అన్నవాళ్లు అసలే వద్దు. ఒకచోట ఫోన్ ఎత్తిన నర్సు వెంటనే అడిగింది: 'మగవాళ్లు చేస్తే కొడతారా, ఆడవాళ్లు చేస్తే కొడతారా? ఏ పక్కనుంచి వెళ్తే ఊరుకుంటారు?' ఫోన్ పెట్టేయక ముందే నాకు తెలిసిపోయింది, ఇదేనని.

మీరు అడగాల్సినవి: రాత్రి ఎంతమందికి ఎంతమంది సిబ్బంది? డిమెన్షియా గురించి శిక్షణ ఎవరిచ్చారు, ఎన్నాళ్లు? స్నానం వద్దంటే ఆ పూటకు వదిలేస్తారా? మంచానికి, కుర్చీకి కట్టేస్తారా? 'అవసరమైతే వేయండి' అని రాసిన మత్తు మందు వేయాలో వద్దో రాత్రి ఎవరు నిర్ణయిస్తారు, మాకు చెప్పి వేస్తారా? డాక్టర్ ఎన్నాళ్లకోసారి వస్తారు? పోయినసారి ఒకరిని ఎందుకు పంపించేశారు? ఈ చివరి ప్రశ్నకు వచ్చే జవాబు జాగ్రత్తగా వినండి.

ఒప్పందంలో ఒక్క పేరా మాత్రం రెండుసార్లు చదవండి, ఎలాంటప్పుడు పంపించేయవచ్చు, ఎన్ని రోజుల ముందు చెప్పాలి అన్నది. ఆసుపత్రికి వెళ్తే మంచం ఉంచుతారా, విడిగా మనిషిని పెట్టాల్సి వస్తే ఆ ఖర్చు ఎవరిది, మధ్యలో మానేస్తే డబ్బు ఎంత వెనక్కి వస్తుంది, ఇవీ కాగితం మీదే ఉండాలి. ఆయన తరఫున సంతకం చేసే హక్కు మీకు చట్టప్రకారం ఉందో లేదో వకీలును కలిసి తేల్చుకోండి. ఈ దశలో ఆయనతో కొత్తగా సంతకం పెట్టించుకోవడం చెల్లకపోవచ్చు, కోర్టు ద్వారా సంరక్షకులుగా నియమించుకోవాల్సి రావచ్చు, దానికి సమయం పడుతుంది.

చూడటానికి సాయంత్రం వెళ్లండి

పొద్దున పదకొండుకు ఏ హోమైనా బాగానే ఉంటుంది. పొద్దువాలే వేళకు డిమెన్షియా వాళ్లలో అలజడి పెరుగుతుంది, సరిగ్గా అప్పుడే సిబ్బంది వంతులు మారుతుంటారు. ఆ సమయానికి వెళ్లి హాల్లో అరగంట కూర్చోండి. తలలు వాల్చేసి చొంగ కారుతూ కూర్చున్నవాళ్లు ఎంతమంది? టీవీ ఎంత గట్టిగా మోగుతోంది? తలుపు దాకా నడిచి వెనక్కి తిరిగి మళ్లీ నడిచేవాళ్లను ఎవరైనా అరిచి కూర్చోబెడుతున్నారా, నడవనిస్తున్నారా? నెదర్లాండ్స్‌లోని వేస్ప్‌లో 2009లో మొదలైన హోఖెవేక్ అనే ఊరిలాంటి ప్రాంగణంలో డిమెన్షియా వాళ్లు లోపల తమ ఇష్టం వచ్చినట్టు తిరుగుతారు, ఇళ్లలో కొద్దిమంది చొప్పున ఉంటారు. అలాంటిది అందరికీ దొరకదు. కానీ నడవడానికి అడ్డులేని ఒక వరండా అయినా ఉందేమో చూడవచ్చు.

అన్నిటికంటే చేతులు చూడండి. మేం ఎంచుకున్న చోట ఒక అటెండెంట్ ఒక పెద్దావిడ ముందు మోకాళ్ల మీద కూర్చుంది. రెండు గుడ్డలు తడిపి, ఒకటి ఆవిడ చేతిలో పెట్టింది. రెండోదాంతో తన ముఖం తనే తుడుచుకుంది. ఆవిడ కాసేపు చూసి, తనూ నుదురు తుడుచుకోవడం మొదలుపెట్టింది. అటెండెంట్ కదల్లేదు, తొందరపెట్టలేదు. మేం వచ్చింది కూడా ఆ అమ్మాయి గమనించలేదు.

తీసుకెళ్లే రోజు

ఆయన రోజంతటిలో ఏ వేళ నెమ్మదిగా ఉంటారో నోట్‌బుక్ చెబుతుంది, ఆ వేళకే తీసుకెళ్లండి. వారం ముందునుంచీ చెప్పి కంగారు పెట్టకండి. ఆయన దుప్పటి, ఆయన కుర్చీ, రోజూ చేత్తో పట్టుకునే వస్తువు ముందే గదిలో పెట్టించండి. మంచం పైన గోడకు పది పంక్తుల కాగితం అంటించండి. మాది ఇలా మొదలయ్యేది: 'ఎదురుగా రండి. ఎడమ చెవి వినపడుతుంది. కుడి చెంప ముట్టుకునే ముందు చెప్పండి. ఐదున్నరకు తాళాలు ఇవ్వండి.'

మొదటి రెండు మూడు వారాలు మామూలు కంటే ఎక్కువగానే కొట్టవచ్చు. చోటు కొత్త, ముఖాలు కొత్త. దీని గురించి ముందే హోమ్‌తో మాట్లాడి పెట్టుకోండి: కొడితే మొదట ఏం చేస్తారు, తర్వాత ఎవరికి ఫోన్ చేస్తారు, ఏ స్థితిలో డాక్టర్‌ను పిలుస్తారు, అన్నీ అయ్యాకే పంపించే మాట. రెండో పేరు, మూడో పేరు వెయిటింగ్ లిస్టులో అలాగే ఉంచండి, చేరిన రోజే తీసేయకండి.

ఇంట్లో మిగిలే మనిషిని మరిచిపోకండి. ఆయన వెళ్లిన మొదటి రాత్రి అమ్మ రెండుసార్లు లేచి ఖాళీ మంచం దగ్గరికి వెళ్లి వచ్చింది. నేనే వదిలేశానని ఏడ్చింది. ఆమె మణికట్టు గురించి డాక్టర్‌తో మొదటిసారి మాట్లాడించింది ఆ తర్వాతి వారమే. దానికి హోమ్ దొరికేదాకా ఆగాల్సిన పనిలేదు, మీరు ఇప్పుడే మాట్లాడించండి.

నోట్‌బుక్ హోమ్‌కు ఇచ్చేయండి, వాళ్లనూ రాయమనండి. మాది ఇప్పుడు నాన్న మంచం పక్క సొరుగులో ఉంటుంది. చేరిన పద్దెనిమిదో రోజు పేజీలో ఎవరో గుండ్రటి అక్షరాలతో రాశారు: 'ఉదయం 8.15. ఎదురుగా కూర్చున్నాను. గుడ్డ ఆయన చేతికిచ్చాను. కుడి చెంప తనే తుడుచుకున్నారు. తర్వాత గుడ్డ నాకిచ్చారు.'